హద్దు మీది చెట్లు

“టేపు చివర ఆయన పట్టుకోవడానికి వీల్లేదు సార్. జరిపేస్తాడు,” అన్నాడు తమ్ముడు.

“వాడు పట్టుకున్నా అంతే. వాడి సంగతి నాకు తెలీదా?” అన్నాడు అన్న, మొహం అటు తిప్పుకుని.

సర్వేయరు టేపు చుట్ట చేత్తో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెద్దాయనకు అరవై దగ్గరపడ్డాయి. ఎడమకాలు ఈడుస్తూ కర్ర సాయంతో నడుస్తున్నాడు. తమ్ముడికి నలభై దాటి ఉంటాయి. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం లేదు. ఏ మాటైనా సర్వేయరు మీదుగానే వెళ్తోంది.

“నేను పట్టుకుంటాలెండి,” అంటూ పెద్దాయన భార్య ముందుకొచ్చింది. ఆ ఒక్కదానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

గొడవంతా వాళ్ళ పొలాల మధ్య బారుగా పెరిగిన చెట్ల గురించే. నీడ పడుతోందనీ, నాలుగు సాళ్ళు ఎక్కువ పడతాయనీ చుట్టుపక్కల రైతులు గట్ల మీది చెట్లన్నీ ఎప్పుడో కొట్టేశారు. ఈ అన్నదమ్ములు కొట్టలేదు. నిరుడు వానలు ముంచెత్తి అందరి పైమట్టీ వాగుపాలైతే, వీళ్ళ మట్టిని ఆ చెట్ల వేళ్ళే పట్టి ఆపాయి. ఇప్పుడు పర్యావరణ శాఖ వాళ్ళు, అలాంటి చెట్లను నరక్కుండా, మందు కొట్టకుండా పిట్టలకూ తేనెటీగలకూ వదిలేసిన రైతుకు ఏటా డబ్బిస్తామని చెప్పారు. చెట్లు ఎవరి భూమిలో ఉంటే వాళ్ళకు. తగువు అక్కడ మొదలైంది.

“చెరి సగం రాయించుకోండి. మీకు గొడవా ఉండదు, నాకు ఈ ఎండా తప్పుతుంది,” అన్నాడు సర్వేయరు.

“నా కంఠంలో ప్రాణం ఉండగా ఒప్పుకోను,” అన్నాడు పెద్దాయన. “మా నాన్న పొలం పంచినప్పుడు పక్కనే నిలబడ్డవాణ్ణి. హద్దు ఎక్కడో నాకు తెలుసు.”

“అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి కాబట్టి నోరెత్తలేదు. ఇన్నాళ్ళూ ఆయన మాటే చెల్లింది. ఈసారి చెల్లదని చెప్పండి సార్.”

సర్వేయరు ఇలాంటివి చాలా చూశాడు. టేపు విప్పేదాకా అన్నదమ్ములు. విప్పాక ఎవరికి వారే.

గట్టు చివర హద్దురాయి దగ్గర వంగి చూశాడు. దాని చుట్టూ మట్టి తడిగా, వదులుగా ఉంది.

“ఈ రాయిని ఎవరో కదిపారు,” అన్నాడు.

తమ్ముడు చురుగ్గా అన్న వైపు చూశాడు. పెద్దాయన గొంతు సవరించుకుని, కొమ్మల మీది పిట్టల్ని చూడసాగాడు.

సర్వేయరుకు ఒళ్ళు మండింది. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అనుకున్నాడు. ఆ రాయిని వదిలేసి, రోడ్డు పక్కనున్న పాత సర్వే రాయి దగ్గర్నుంచి కొలత మొదలుపెట్టాడు.

“టేపు బిగించి పట్టుకో వదినా! వదులైతే లెక్క తప్పుతుంది,” అని అరిచాడు తమ్ముడు.

“అంత లాగితే తెగుతుందని చెప్పండి వాడికి,” అన్నాడు అన్న.

వాళ్ళను గట్టు మీదే వదిలి, పెద్దాయన భార్యతో కలిసి పొలంలోకి నడిచాడు సర్వేయరు. చెట్ల అవతల తమ్ముడి ఇల్లు కనబడుతోంది. కప్పు సగం వేసి ఆపేశారు. ఒకరికి కాలు, ఒకరికి కప్పు, ఇద్దరికీ అవసరమే మరి అనుకున్నాడు.

“ఇద్దరూ మంచివాళ్ళే సార్,” అందామె, అడక్కుండానే. “మా అత్తగారు పోయేనాటికి మా మరిది ఇంతవాడు. మా దగ్గరే పెరిగాడు. మొన్నామధ్య ఈయన నిచ్చెన మీంచి పడి మంచం పట్టినప్పుడు, తన పొలం బీడు పెట్టుకుని మా పొలం విత్తాడు. ఆ పంటే మమ్మల్ని నిలబెట్టింది. అది తలుచుకున్నప్పుడల్లా ఈయనకు కళ్ళు చెమరుస్తాయి.”

“మరి ఇదంతా ఏంటమ్మా?”

“ఏం చెప్పమంటారు? డబ్బొస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ ఇదే వరస. వారమై మాటల్లేవు. నేను చెప్పినా వినరు.”

ఆమె నవ్వబోయి ఆపుకున్నట్టు అనిపించింది. పాపం, బాధను అలా దాచుకుంటోందనుకున్నాడు సర్వేయరు.

కొలత పూర్తయింది. అనుమానం లేకుండా మళ్ళీ కొలిచి, మేకులు పాతి, తాడు కట్టాడు. అన్నదమ్ములిద్దరూ దగ్గరికొచ్చారు. తమ్ముడు తాడు వైపే చూస్తున్నాడు.

“హద్దు ఇదీ,” అన్నాడు సర్వేయరు. “చెట్లన్నీ పెద్దాయన భూమిలోనే ఉన్నాయి. డబ్బు ఆయనకే వస్తుంది.”

ఎందుకైనా మంచిదని ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

“గెలిచాను వదినా!” అంటూ తమ్ముడు ఎగిరి గంతేశాడు.