చిత్రిక పట్టిన పెట్టె

గడ్డకట్టిన చెరువు మీద నడిచి వెళ్ళి, ఆర్విడ్ దాని మధ్యలోని గుంజకు తాను బిగించిన గూడుపెట్టె తలుపు తీశాడు. రంపపు పొట్టులో పదకొండు చెట్టుబాతు పిల్లలు ఎండిపోయి ఉన్నాయి.

"తల్లి పొదుగుతుంటే పెట్టె తెరవొద్దన్నానా? బెదిరి పారిపోయింది," అన్నాడు చెల్లెలు లవాన్‌తో. వేసవి నుంచీ ఇదే దెప్పు.

"బెదిరి పోతే గుడ్లే మిగిలేవి అన్నయ్యా. ఇవి పిల్లలు." లవాన్ గ్లౌజు తీసి, లోపలి చెక్కను వేలితో తడిమింది. "లోపల కూడా చిత్రిక పట్టావా?"

"అద్దంలా. నా చేతిపని ఎప్పుడైనా గరుకుగా ఉందా?"

"పుట్టిన మర్నాడే ఇవి గోడ పట్టుకుని పాకి, ఆ కన్నంలోంచి నీళ్ళలోకి దూకాలి. అద్దం మీద గోళ్ళు నిలుస్తాయా?"

ఆర్విడ్ ఒక పిల్లను అరచేతిలోకి తీసుకున్నాడు. సూదిమొనల్లాంటి గోళ్ళు. పెట్టె లోపల, కన్నం కింది చెక్క మీద ఒక్క గీత కూడా లేదు.

"మన చర్చివాళ్ళలో ఎందరికి చేసిచ్చావు ఇలాంటి పెట్టెలు?" అడిగింది లవాన్.

"తొమ్మిది మందికి." ఆర్విడ్ పిల్లను మళ్ళీ పొట్టులో పెట్టాడు. "లవాన్, నిన్ను ఇన్నాళ్ళూ..."

అతను జేబుకత్తి తీసి, నున్నటి చెక్క మీద అడ్డంగా ఒక గాటు పెట్టాడు.

"ఇంకాస్త లోతుగా అన్నయ్యా," అంది లవాన్.