పిన్ని గొంతు పోయిన పూట

"పోయింది," అంది పిన్ని, గొంతు మీద చెయ్యి పెట్టుకుని. ఆ ఒక్క మాట కూడా సగం గాలే.

"ఇప్పుడా పిన్నీ? క్లాసు గుమ్మం దాకా వచ్చాకా?" అమ్మాయి తలుపు పిడి మీద నుంచి చెయ్యి తీసేసింది.

గాజు తలుపు అవతల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ పగలంతా పనులు చేసుకుని, సాయంత్రం ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లు. చివరి వరసలో ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటోంది. ఈ పూట పిన్ని చెప్పే పాఠం ఆవిడకి నచ్చితే మూడు నెలల ఉద్యోగం. ఖాళీ ఒక్కటే. కొన్నాళ్లు ఇంగ్లీషు చెప్పుకుంటూ కొత్త దేశం చూద్దామని కలిసి వచ్చిన ఆ ఇద్దరికీ ఇదే ఆఖరి స్కూలు. ఒకరికి పని దొరికినా ఇద్దరి గదీ నిలబడుతుంది. లేదంటే పెట్టెలు సర్దుకోవడమే.

అమ్మాయి ఇప్పటికే ఊళ్లో ఉన్న మిగతా స్కూళ్లన్నింటి నుంచీ ఉద్యోగం దొరక్క తిరిగొచ్చింది. చదువులో లోటు లేదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగితే మాత్రం, తన చెప్పులు తను చూసుకుంటూ నిలబడిపోతుంది. అందుకే పిన్ని ఆమెకి 'మౌనవ్రతం' అని పేరు పెట్టింది. పిన్ని సంగతి వేరు. మెట్ల మీద ఎవరినైనా పలకరిస్తే పై అంతస్తులో తలుపులు తెరుచుకుంటాయి. అలాంటి మనిషి పొద్దున బట్టలు ఉతకడానికని కిందికి వెళ్లి, మెడకి మఫ్లర్ చుట్టుకుని తిరిగొచ్చింది. అప్పుడు గొంతులో జీర. ఇప్పుడు అదీ లేదు.

"మేడమ్‌కి చెప్పి ఇంకో రోజు అడుగుదాం," అంది అమ్మాయి.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "ఆ రోజుకి ఇంకెవరో వచ్చి కూర్చుంటారు," అంది గుసగుసగా. "సైగలు నావి, నోరు నీది. ఉద్యోగం నాకే కదే, నీకెందుకు భయం? నువ్వు ఉత్త మైకువి."

మైకు అనగానే అమ్మాయికి కాస్త ఊపిరాడింది. మైకుకి సిగ్గేమిటి? తలుపు తోసింది.

పిన్ని బోర్డు ముందు నిలబడి, దవడ పట్టుకుని, చప్పుడు లేకుండా మూలిగింది.

"ఈవిడకేమైంది?" అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. ఆ మాట ఆమెకే సరిగా వినపడలేదు.

"కొంచెం గట్టిగా అనండి టీచర్," అన్నాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్, వచ్చిన నాలుగు ముక్కలూ కూడగట్టుకుని. "ఇక్కడ మాకూ భయమే."

అందరూ నవ్వారు. అమ్మాయికి కూడా నవ్వొచ్చింది. మళ్లీ అడిగింది, ఈసారి చివరి వరసకి వినపడేలా.

"పన్ను!" అన్నాడు మెకానిక్.

"మొగుడు!" అంది సెలూన్‌లో జుట్టు కత్తిరించే ఆవిడ. "అలాంటి మొహం మొగుడి వల్లే వస్తుంది."

గది గొల్లుమంది. "ఒక్క మాట చెప్పి తప్పించుకోవడం కాదు, పూర్తి వాక్యం చెప్పండి," అని అమ్మాయి ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆవిడ తడబడుతూనే, మొగుణ్ని వదలకుండా, వాక్యం పూర్తి చేసింది.

పిన్ని ఈసారి దగ్గి గొంతు చూపించింది. ముందు వరసలోని నర్సు చటుక్కున లేచి జేబులోంచి చిన్న టార్చి తీసింది. "నోరు తెరవండి!"

పిన్ని పెదవులు బిగించేసి గోడకి అంటుకుపోయింది.

"రోగితో మాట్లాడేది ఇలాగేనా?" అంది అమ్మాయి నర్సుతో. "మర్యాదగా అడగండి, చూద్దాం."

నర్సు మర్యాదగా అడిగింది. పిన్ని ససేమిరా అంది. మెకానిక్ బతిమాలాడు. సెలూన్ ఆవిడ బెదిరించింది. వెనకాల కూర్చున్న టాక్సీ డ్రైవరు, నోరు తెరిస్తే ఊరంతా ఉచితంగా తిప్పుతానన్నాడు. ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా అడుగుతుంటే అమ్మాయి కుర్చీల మధ్య తిరుగుతూ, వాళ్ల మాటలు సరిచేస్తూ, వాళ్లతోపాటు నవ్వుతూ ఉంది.

తర్వాత ఏం చేయించాలో తోచక సైగ కోసం పిన్ని వైపు చూసింది. పిన్ని కిటికీ పక్క కుర్చీలో చేరి, మఫ్లర్ కొసలు సర్దుకుంటూ, రోడ్డు మీద బస్సులు చూస్తోంది. అమ్మాయికి ఒళ్లు మండింది. కానీ కోప్పడే తీరిక ఎక్కడిది? మెకానిక్ అప్పటికే ఇంకో ప్రశ్నతో చెయ్యెత్తాడు.

గంట మోగినా ఎవరూ లేవలేదు. మేడమ్ వచ్చి అమ్మాయిని వరండాలోకి పిలిచింది.

"సోమవారం నుంచి వచ్చేయండి."

"థాంక్యూ మేడమ్! అప్పటికి మా పిన్ని గొంతు సర్దుకుంటుంది. నాకంటే ఆవిడ ఎంతో బాగా చెబుతుంది. నేను ఉత్త..."

"ఆవిడెందుకు? రావలసింది మీరు. పాఠం కోసం మీ పిన్నిని రోగిలా నిలబెట్టారు చూడండి, అంత మంచి ఆలోచన ఇక్కడ ఎవరికీ రాలేదు. ఆవిడ నటన కూడా బ్రహ్మాండం."

"నటన కాదు మేడమ్. పొద్దున జీరపోయింది, ఇప్పుడు ఆవిడకి నిజంగానే గొంతు లేదు."

మేడమ్ పకపకా నవ్వింది.

"లేకపోవడమేమిటి? 'ఈ ఉద్యోగం నాకొద్దు, మా అమ్మాయి చేత పాఠం చెప్పించి చూడండి' అని పొద్దున ఫోన్లో ఆవిడ అరిచిన అరుపుకి నా చెవి ఇంకా గింగురుమంటోంది!"