మూత పడని పెట్టె

"ఇది చాలదండీ. ఇంకా పెద్ద ఫ్యాను చూపించండి," అన్నాడు అల్లుడు.

మామగారు కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. ఒకవైపు గోడ, ఒకవైపు గాజు బల్ల. గుమ్మానికి అడ్డంగా అల్లుడి బారెడు కాళ్లు.

పక్క వీధిలో ఇంకో కంప్యూటర్ షాపుందని దారి పొడవునా మొత్తుకున్నారు. అల్లుడు వింటేగా! "లేదు మామయ్యా, వాకబు చేశాను. ఇక్కడ బిగింపు బ్రహ్మాండమట."

బయల్దేరే ముందు కూతురు వంటగదిలోకి లాక్కెళ్లి చెప్పింది. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఆయన ముందు నోరు జారకు. నువ్వు మేనేజరువనే వాళ్లు నన్ను చేసుకున్నారు. కాదని తెలిస్తే మా అత్తగారు నన్ను బతకనివ్వదు."

ఎనిమిదో క్లాసులో బడి మానేసిన మనిషికి మేనేజరు వేషం. పక్కింటివాడి చొక్కా తొడుక్కున్నట్టు చంకల్లో పట్టేస్తోంది.

దానికి తోడు, షాపులో అడుగు పెడుతూనే అల్లుడు చాటింపు వేశాడు. "మా మామగారండీ. పెద్ద కంపెనీలో మేనేజరు."

యజమాని ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అలాగా! కూర్చోండి మేనేజరు గారూ," అని కుర్చీ తుడిచి మరీ వేశాడు. మామగారి చెవులు వేడెక్కాయి.

అల్లుడిది ఒకటే పట్టు. కంప్యూటర్ పెట్టె బుల్లిగా ఉండాలి, టీవీ పక్కన అరలో పట్టాలి. పనిలో మాత్రం రాక్షసిలా ఉండాలి. చెప్పుల డబ్బాకి అన్నలాంటి పెట్టె ఎంచుకున్నాడు. అందులోకి జానెడున్నర గ్రాఫిక్స్ కార్డు, లావుపాటి పవర్ సప్లై. ఇప్పుడు చెంబంత ఎత్తు ఫ్యాను.

"బాబూ..." మామగారు ఉండబట్టలేకపోయారు. "దాని మీద మూత పడుతుందంటారా?"

అల్లుడు పకపకా నవ్వాడు. "మామయ్యా, ఇది పచ్చడి జాడీ కాదు!"

యజమాని నవ్వలేదు. "నిజమే సార్, పడదు," అని ఫ్యాను తీసి పక్కన పెట్టి పొట్టిది తెచ్చాడు.

అల్లుడు మామగారి వైపు తిరిగాడు. "మీకెలా తెలిసింది?"

మామగారు కుర్చీలో సర్దుకున్నారు. "గూట్లో గిన్నె పట్టకపోతే తెలీదా బాబూ... అంతే."

కార్డు దగ్గరికి వచ్చేసరికి మామగారికి దగ్గొచ్చింది. యజమాని కార్డూ మార్చాడు. పవర్ సప్లై దగ్గర మళ్లీ దగ్గు. అదీ మారింది.

"మేనేజరు గారికి మా దుమ్ము పడినట్టు లేదు," అన్నాడు యజమాని.

జాబితా ముగిసింది. మామగారు లేవబోయారు.

"ఆగండి మామయ్యా, అప్పుడే ఎక్కడికి?" అల్లుడు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "ఈ పనివాళ్లను నమ్మకూడదు. బిగించేవాణ్ణి ఇప్పుడే పిలవండి, మా కళ్ల ముందే బిగించాలి."

యజమాని వెనక గది వైపు చూశాడు. అక్కడ ఖాళీ బల్ల, దాని మీద స్క్రూడ్రైవర్లు, కొక్కానికి నీలం చొక్కా. మామగారు కళ్లు మూసుకున్నారు.

"ఈ రోజు రాలేదండీ, ఇంటికి కొత్తల్లుడు వచ్చాడని సెలవు పెట్టాడు," అన్నాడు యజమాని, మేనేజరు గారి వైపు చూడకుండా.