ఐదు చుక్కలు

“అన్నీ గుర్తున్నాయా?” అంది వ్రోని, కొడుకు చొక్కా గుండీ మూడోసారి సరిచేస్తూ.

“ఆఁ.”

“వరసగా?”

“ఆఁ అన్నాను కదమ్మా!”

“తొందరపడకు. నోటికొచ్చింది టక్కున అనెయ్యకు. ఒక్క క్షణం ఆగి, ఆలోచించి చెప్పు.”

ఆరోగ్య కార్యాలయం నడవాలో పిలుపు కోసం కూర్చున్నారు తల్లీకొడుకులు. పిల్లాడి పేరు కోర్బినియన్. పన్నెండు వారాల ముందే ఊడిపడ్డాడు. పుట్టినప్పుడు తొమ్మిది వందల గ్రాములు. “పిల్లాడికంటే పేరే బరువుగా ఉంది” అని నర్సులు నవ్వారు. వ్రోనికి మాత్రం నవ్వు రాలేదు. పదకొండు వారాలపాటు కొడుకుని గాజుపెట్టెలో చూసుకున్న తల్లికి నవ్వెలా వస్తుంది?

నెలలు నిండని పిల్లల మెదడు ఎలా ఎదుగుతోందో చూడాలని అప్పట్నుంచీ ఏటేటా పిలుస్తూనే ఉన్నారు. తల కొలుస్తారు, చెక్కముక్కలు పేర్చమంటారు. వ్రోని గోళ్లు కొరుక్కోని పరీక్ష లేదు. అయినా ఇవాళ్టిది వేరు. వచ్చే జూన్‌కి వాడికి ఆరు నిండుతాయి. సెప్టెంబరులో బడికా, లేక ఇంకో ఏడాది ఇంటిపట్టునా? ఇవాళ తేలిపోతుంది. డాక్టరమ్మ కాగితం మీద ఏం రాస్తే బడివాళ్లకి అదే వేదం.

నాయనమ్మ అయితే బడి మొదటిరోజు పిల్లల చేతికిచ్చే మిఠాయి పొట్లం అప్పుడే కొనేసింది. వాడికంటే అదే పొడుగు. “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ సంబడం!” అని విసుక్కుంటూ వ్రోని దాన్ని బీరువా మీదికి తోసేసింది. వ్రోని తిప్పలు వ్రోనివి. మూడు వారాలుగా వంటింట్లో తల్లీకొడుకులకి ఒకటే సాధన. పొద్దున లేస్తే చుక్కలు, పడుకోబోయేముందు ఒంటికాలి గెంతులు.

లోపలికి రమ్మన్నారు.

డాక్టర్ లేనర్ మంచి మనిషి. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒక అట్టముక్క చూపించింది.

“ఇందులో ఎన్ని చుక్కలున్నాయి నాన్నా?”

కోర్బినియన్ చుక్కలకేసి చూశాడు. పైకప్పుకేసి చూశాడు. పెదవులు కదిపాడు. బల్ల కింద చిటికెనవేలు ముడిచాడు.

“ఏడు.”

వ్రోని బిగబట్టిన ఊపిరి వదిలింది. డాక్టరమ్మ ఏదో రాసుకుంది.

“మూడు, ఎనిమిది, ఒకటి. నేనన్నట్టే అను.”

“ఒకటి, ఎనిమిది, మూడు.” బల్ల కింద ఇంకో వేలు ముడిచాడు.

మనిషి బొమ్మ గీయమంటే గీశాడు. చేతులు చెవుల్లోంచి మొలిచాయి. మెడ అసలు లేనేలేదు.

“ఈయన మెడ ఏమైంది?”

వాడు నోరు తెరిచాడు. తల్లిని చూశాడు. మూసేశాడు.

ఒంటికాలి మీద గెంతమంటే రెండు గెంతులు గెంతి, ఆగి, చోటు చూసుకుని చతికిలబడ్డాడు.

పాపం, పిల్లాడు బెదిరాడేమోనని డాక్టరమ్మ మాట మార్చింది. “పొద్దున ఏం తిన్నావు?”

“వెన్న రాసిన ప్రెట్జెల్ రొట్టె. సగం తిని సగం డాన్యూబ్ వంతెన మీద ఒక కుక్కకి పెట్టాను. ఊళ్లోవాళ్ల కుక్కకి ఎందుకు పెట్టావని అమ్మ తిట్టింది. మన కుక్కకే పెట్టాలంటే ముందు మనకి కుక్క ఉండాలి కదా? అది కొనరు!”

డాక్టరమ్మ కళ్లజోడు పైకి తోసుకుంది. వ్రోనికి ఉన్నట్టుండి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. వాడు చటుక్కున నోరు మూసుకుని, డాక్టరమ్మ ఎర్రటి పువ్వుని చూపించి రంగు అడగగానే “ఆకుపచ్చ” అన్నాడు.

అలా ఒక్కొక్కటే గడిచాయి. చివర బంతి విసిరితే పట్టుకోవాలి. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బంతి వచ్చి ముక్కుకి తగిలింది. అప్పటికి ముడవడానికి వేళ్లు అయిపోయి, చెవి పట్టుకున్నాడు.

“కారణం లేకుండా చెవి పట్టుకుంటాడు” అని అదీ రాసుకుంది డాక్టరమ్మ. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

“చూడండమ్మా, దిగులు పడకండి. నెలలు తక్కువ పిల్లల్లో ఇది చూస్తూనే ఉంటాం. తెలివి లేక కాదు. చెప్పినవన్నీ వరసగా గుర్తుపెట్టుకోవడం, నోటిదాకా వచ్చిన మాటని ఆపుకోవడం, ఈ రెండూ కొందరికి కాస్త ఆలస్యంగా వస్తాయి. మీవాడికి ఇంకా రాలేదు.”

వ్రోని తల వంచుకుంది.

“అసలు సెప్టెంబరులో పుట్టాల్సినవాడు. తొందరపడి వచ్చిన బిడ్డని మనం కూడా తొందరపెట్టడం ఎందుకు? ఇంకో ఏడాది మీ దగ్గరే ఉండనివ్వండి. రాసిచ్చేస్తాను.”

“మీరెలాగంటే అలాగేనండీ” అంది వ్రోని. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. డాక్టరమ్మ జాలిపడి కాగితం రుమాలు ముందుకి జరిపి, కలం తీసింది.

కోర్బినియన్ ఇంకా చెవి వదల్లేదు. బుద్ధిగా నిలబడి, ఆ కలం కాగితం మీద చివరి వరస దాకా వెళ్లడం చూశాడు.

సంతకంలో ఇంకొక్క అక్షరం మిగిలి ఉండగా, వాడు తల్లి చెయ్యి పట్టి ఊపుతూ గట్టిగా అడిగాడు: “అమ్మా, నువ్వు నేర్పిన పదకొండు తప్పులూ ఒక్కటి కూడా మరిచిపోకుండా వరసగా చేసేశాను కదా, ఇప్పుడైనా డాక్టరమ్మకి అవి ఐదు చుక్కలని చెప్పెయ్యనా?”