వంతెనకి ఇవతల

జ్ఞానప్రసూన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఒళ్ళో స్టీలు గిన్నె. పడవ ఊగినప్పుడల్లా గిన్నె జారుతోంది. మోచేత్తో ఆపుకుంటోంది. కళ్ళు మాత్రం నీళ్ళ మీదే ఉన్నాయి.

"కొంచెం నెమ్మదిగా పోనీ నాన్నా," అంది.

శ్రేయాస్ ఇంజిన్ వేగం తగ్గించాడు. అది వాళ్ళ నాన్న కొనుక్కున్న చిన్న యాట్. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో వాళ్ళ వీధిలో ప్రతి ఇంటికీ ముందు కారు, వెనక కాలవ. ఇక్కడే పుట్టిన శ్రేయాస్ కారు కంటే ముందు పడవ నడపడం నేర్చుకున్నాడు. ఈ రాత్రి పక్కింటి ఆంటీ కోసం నడుపుతున్నాడు.

ఆమె భర్త వీరభద్రం చేపలకని మధ్యాహ్నం మోటారు పడవలో ఒక్కడే వెళ్ళాడు. ఇంకా రాలేదు. ఫోన్ పలకడం లేదు. కోస్ట్ గార్డ్ వాళ్ళు సముద్రం వైపు వెతుకుతున్నారు. శ్రేయాస్ నాన్న వాళ్ళ వెంట వెళ్ళాడు. శాంటా క్లారాలో ఉండే కూతురు లక్ష్మి దొరికిన విమానం ఎక్కేసింది.

"ఆయన సముద్రంలోకి వెళ్ళరు," అంది జ్ఞానప్రసూన. "అలలంటే భయం. ఇంజిన్ చెడిపోయి ఉంటుంది. ఎవరింటి వెనకో పడవ కట్టేసుకుని కూచుని ఉంటారు. మొహమాటం మనిషి, తలుపు కొట్టరు."

శ్రేయాస్ లైటు నీళ్ళ మీద తిప్పుతున్నాడు. ఒక్కో కాలవలో చివరిదాకా వెళ్ళడం, దారి మూసుకుపోయాక వెనక్కి తిప్పుకోవడం. పెద్ద పెద్ద ఇళ్ళు. ఎవరిదో కుక్క గట్టు పొడుగునా మొరుగుతూ వచ్చి ఆగిపోయింది.

"వెళ్ళొస్తానని చెప్పే వెళ్ళారు," అందామె. "ఆ మాట అనకుండా ఏనాడూ గడప దాటలేదు."

శ్రేయాస్‌కి ఆ మాట నేర్పింది కూడా ఆమే. చిన్నప్పుడు వాడు "వెళ్తున్నా ఆంటీ" అంటే తలుపు దగ్గరే ఆపేసేది. వెళ్ళొస్తా అన్నాకే వదిలేది. ఇక అదే అలవాటైపోయింది. పెట్రోలు బంకులో అమెరికా వాడికి కూడా తెలుగులో వెళ్ళొస్తా అనేవాడు. పోయిన నెల తెలిసినవాళ్ళింట్లో పెద్దావిడ పోతే అందరూ పలకరించడానికి వెళ్ళారు. లేచేటప్పుడు అక్కడా గట్టిగా అదే అన్నాడు. జ్ఞానప్రసూన మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"చావింట్లో అలా అనకూడదురా. ఏమీ చెప్పకుండా లేచొచ్చేయాలి."

"దట్స్ సో రూడ్, ఆంటీ."

ఇల్లు చేరేదాకా వీరభద్రం కారులో నవ్వుతూనే ఉన్నాడు. "స్విచ్ వేసింది నువ్వేగా, ఆపడం కూడా నువ్వే నేర్పు," అన్నాడు భార్యతో.

పెద్ద కాలవ మీద ఎత్తే వంతెన వచ్చింది. దాని అవతల కాలవ సముద్రంలో కలిసే మొగ. వంతెన ఎత్తమని అడగడానికి శ్రేయాస్ రేడియో అందుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. పడవ ముందు కొసకి వెళ్ళి నిలబడ్డాడు. మాట్లాడింది తక్కువ, వింటూ ఉన్నదే ఎక్కువ. తిరిగొచ్చి రేడియో ఆపేశాడు.

"ఏమిట్రా?"

"బ్రిడ్జ్ ఓపెన్ చేయరంట ఆంటీ. అటు వద్దు. ఇటు కెనాల్స్ చూద్దాం."

పడవ వెనక్కి తిరిగింది. ఇందాక చూసిన కాలవలోకే మళ్ళీ వెళ్ళారు.

"ఇది చూశాం కదా," అందామె.

"ఇంకోసారి చూద్దాం ఆంటీ."

ఇప్పుడు లైటు ఇళ్ళ గోడల మీద, కొబ్బరిచెట్ల మీద తిరుగుతోంది. కాయలు అయిపోయాయి. ఆమె ఈనెలన్నీ కవర్లో వేసి ముడేసింది. కాలవలో చెత్త వేస్తే వీరభద్రానికి కోపం.

"ఇక ఇంటికి పోదాం పద. వచ్చేసరికి కూరైనా చేసి ఉంచుతా," అంది. "ఆకలికి ఆగలేరు."

ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయి. శ్రేయాస్ వాళ్ళమ్మ రాధారాణి సోఫాలో కూర్చుని ఉంది. తోడుగా ఉందామని వచ్చానంది. జ్ఞానప్రసూన స్టవ్ మీద బాణలి పెట్టి నూనె పోసింది.

"లక్ష్మి దిగే వేళయింది, నువ్వెళ్ళి తీసుకురా నాన్నా," అంది శ్రేయాస్‌తో. "దాన్ని కంగారు పెట్టకు. తెల్లారేలోపు నాన్న వచ్చేస్తారని చెప్పు."

శ్రేయాస్ కారు తాళాలు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. ఎప్పటిలాగే ఆ మాట కోసం ఆమె గరిటె పట్టుకుని తలెత్తింది.

శ్రేయాస్ ఆమెకేసి ఒక్కసారి చూసి, ఏమీ చెప్పకుండా గడప దాటాడు.