కేసు కోడి కాళ్లు

“కోడి ఏదయ్యా?”

“ఇదే సార్.”

“నా చెవుల పువ్వులు పెట్టకు. కేసు కోడి ఏదంటున్నా!”

ఎస్సై ప్రభాకర్ పంచనామా కాగితం తెచ్చి కానిస్టేబుల్ తుల్సీరాం ముక్కు ముందు ఆడించాడు. అడవి అంచున పామాయిల్ తోటలో కోడిపందెం మీద దాడి చేసి పట్టుకున్న కోడి అది. గుర్తులు రాసే చోట ఎస్సై చేత్తోనే రాసి ఉంది: ‘ఎర్ర డేగ పుంజు. రెండు కాళ్లూ చెట్టు బెరడులా పొలుసులు లేచి, లావెక్కి ఉన్నవి.’

తుల్సీరాం చంకలోని పుంజు కాళ్లేమో పసుపు రాసినట్టు నున్నగా మెరుస్తున్నాయి.

“పొలుసుల కింద పుర్గు సార్. కేసయ్యేదాంక సాకమని నా నెత్తిన బెడితిరి. కుంటుతుంటే సూడబుద్ధి కాలే. నలభై రోజులు సబ్బునీళ్లల్ల నానబెట్టి, పాత బ్రష్షుతోని తోమి, మందు రాసిన.”

“గట్లనా! పందెం కోడిని కూరొండుకుని తిని, సంతలో ఇంకోటి కొనుక్కొచ్చినవంటది కోర్టు. రేపే వాయిదా. ఊడేది నీ నౌకరే.”

తుల్సీరాం మనసులోనే సాక్షుల్ని వెతుక్కున్నాడు. మందు రాస్తుంటే చూసింది భార్య ఒక్కతే. ఆమె సాక్ష్యం చెబితే, కూర వండింది కూడా ఆమే అంటారు. ఒక్క ఫొటో తీసిపెట్టుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. జాలిపడి చేసిన పని మెడకు చుట్టుకుంది, ఛీ! పోనీ మళ్లీ ఆ పురుగే అంటిద్దామంటే రేపటికల్లా కాళ్లు పాడవుతాయా?

ఇక మిగిలిన దారి ఒక్కటే. కోడి యజమాని, బెయిలు మీదున్న వీరబాబును పిలిపించారు.

“మంచిగ చూసి చెప్పు. నీదేనా?” అన్నాడు ఎస్సై.

వీరబాబు పుంజు కాళ్లు వేళ్లతో తడిమాడు. ఎత్తి చూశాడు, దించి నడిపించాడు. తుల్సీరాం వాడి మొహమే చూస్తున్నాడు. నాదే అంటే వాడి మీద కేసు ఖాయం. ఎవడంటాడు?

“నాది కాదు సార్. నా కోడి కాళ్లు జూస్తే కడుపుల తిప్పుతది. ఇది బంగారం లెక్కున్నది.”

“విన్నవా?” అన్నాడు ఎస్సై.

“అయిపాయె నా బతుకు!” తుల్సీరాం పుంజును మళ్లీ చంకలోకి ఎత్తుకున్నాడు.

వీరబాబు కోడి తనది కాదని రాసిన కాగితం మీద సంతకం పెట్టి గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ పుంజు కాళ్ల వంక చూశాడు. ఉండబట్టలేక వెనక్కొచ్చాడు.

“తుల్సీరామన్నా, ఏం మందు రాసినవో జర చెప్పరాదే! ఇంటికాడ దీని తమ్ముళ్లు నాలుగున్నయి, అన్నిటియి గవే కాళ్లు!”