దించని అద్దం

నా భార్య కోటిరత్నాన్ని చంపింది ఆయాసం కాదు, మా తమ్ముడు యలమంద. ఆయాసపడుతున్న మనిషిని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తూ కారు డిక్కీలో మిరపకాయల బస్తా కూడా వేసుకున్నాడు. ఘాటుకు ఊపిరాడక ఆమె అద్దం దించమంది. ఏసీ పోతుందని వాడు దించలేదు. ఆ సంగతి వాడే చెప్పాడు.

కిందటి చైత్రంలో ఆ కారు అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళు మర్నాడు వస్తారనగా, పొద్దుగూకాక, మా ఉమ్మడి వాకిట్లో అద్దాలు తుడవసాగాడు. ముందు తడి కాగితం, తర్వాత పొడి కాగితం. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను.

వెనక తలుపు అద్దానికి లోపలివైపు అరచేతంత ఆవిరి పట్టి ఉంది. వాడు తలుపు తీసి తుడిచి మూశాడు. మళ్ళీ పట్టింది. అంత ఎండాకాలంలో అద్దానికి ఆవిరేమిటి? అది కొంచెం పెరుగుతోంది, కొంచెం తగ్గుతోంది. వాకిట్లో ఇంకే చప్పుడూ లేదు. లోపల్నించి ఆయాసపు పిల్లికూతలు వినిపించాయి.

"అన్నయ్యా, వదినను పొమ్మని చెప్పన్నయ్యా!"

"నేనెందుకు చెబుతానురా? అద్దం దించమనేగా అడుగుతోంది. ఏసీ పోతుందని నువ్వే చెప్పుకో."

వాడు తాళం తిప్పి అద్దం దించాడు. ఘాటు గుప్పున కొట్టింది. ఇద్దరం దగ్గాం. మా దగ్గు ఆగాక కూడా మూడో దగ్గు ఆగలేదు.

నేను వెనక తలుపు తీసి, ఆమెకు చోటు వదిలి కూర్చున్నాను.

"పోనియ్యరా గుంటూరుకి. అద్దం ఎత్తావంటే చూడు."

వాడు ఏడుస్తూ బండి తీశాడు.

దారిలో ఏం జరిగిందో వాడు చెప్పడు. నేనూ చెప్పను. ఈ మాట ఇక నా నోట ఎవరూ వినరు.